వాట్సాప్‌లో వచ్చిన రసీదు ఫోటో: సస్పెన్షన్‌లో ఉన్న లైసెన్సు, ఆరు లక్షల రికవరీ

లైసెన్సు సస్పెన్షన్‌లో ఉండగా బండి నడిపితే ఎంత పడుతుందని అడిగేవాళ్లకు సాధారణంగా జరిమానా లెక్క ఒక్కటే కావాలి. ఆ లెక్క చిన్నదే. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 182(1) ప్రకారం మూడు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు ఆ జరిమానా రూ.500 దాటేది కాదు. నేను ఇక్కడ రాస్తున్న కేసులో ఆ పదివేల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అసలు దెబ్బ బండి నడిపినవాడి మీద కంటే బండి ఓనరు మీద పడింది, అదీ ఇన్సూరెన్స్ దారిలో వచ్చి పడింది.

ఓనరు తరఫు లాయరును నేను, ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, ఊరు, బీమా కంపెనీ చెప్పడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. చట్టానికి సంబంధించిన విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

జరిగింది ఇదీ

నా క్లయింటుకు ఫర్నిచర్ షాపు ఉంది. డెలివరీలకు నాలుగు చక్రాల చిన్న గూడ్స్ బండి ఒకటి, దానికో డ్రైవరు. ఆ డ్రైవరు లైసెన్సులో బైకు, ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) రెండూ ఉన్నాయి. పనిలోకి తీసుకునేటప్పుడు ఓనరు లైసెన్సు జిరాక్స్ తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. పక్కన కూర్చుని రెండు మూడు ట్రిప్పులు డ్రైవింగ్ కూడా చూశారు. చిన్న వ్యాపారుల్లో ఇంత జాగ్రత్త తీసుకునేవాళ్లు తక్కువే.

ఒక ఆదివారం డ్రైవరు తన సొంత బైకు మీద ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వెళ్తూ ట్రాఫిక్ పోలీసులకు దొరికాడు. చేత్తో ఫోన్ పట్టుకుని బండి నడపడం 2019 సవరణ తర్వాత సెక్షన్ 184 కిందికి, అంటే ప్రమాదకరంగా నడపడం కిందికి వస్తుంది. చలానా రాశారు, లైసెన్సు కార్డు తీసుకున్నారు, చేతికో రసీదు ఇచ్చారు. చలానా డబ్బు కట్టేశాడు. తన లెక్కలో అక్కడితో ఆ గొడవ అయిపోయింది.

ఆ సాయంత్రం రసీదుని ఫోటో తీసి ఓనరుకు వాట్సాప్ చేశాడు. కింద ఈ మెసేజ్: "అన్నా లైసెన్సు తీసుకున్నారు. ఈ కాగితం ఇచ్చారు. ఇది చూపిస్తే బండి నడపొచ్చంట." ఓనరు బొటనవేలు ఎమోజీ పెట్టి ఊరుకున్నారు. తెల్లారి డ్రైవరు మామూలుగానే డ్యూటీ ఎక్కాడు.

పోలీసులు ఆ లైసెన్సును ఆర్టీఓ ఆఫీసుకు పంపారు. అక్కడి నుంచి షోకాజ్ నోటీసు వెళ్లింది, జవాబు రాలేదు. మూడు నెలలు సస్పెండ్ చేస్తూ ఆర్డరు వేశారు. ఆర్డరు వచ్చిన రెండో నెలలో, డెలివరీ ఇచ్చి తిరిగొస్తూ కూడలి దగ్గర కుడివైపు తిప్పుతున్నప్పుడు గూడ్స్ బండి ఎదురుగా వస్తున్న బైకును గుద్దింది. బైకు నడుపుతున్న మనిషికి మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు.

స్టేషన్‌లో డ్రైవరు ఫోన్ తీసి లైసెన్సు స్క్రీన్‌షాట్ చూపించాడు. ఎప్పుడో డిజిలాకర్‌లోంచి తీసి దాచుకున్నది, గడువు ఇంకా ఏళ్ల తరబడి ఉంది. రైటర్ ఆ నంబరును సిస్టమ్‌లో కొట్టి చూస్తే స్టేటస్ "సస్పెండెడ్" అని వచ్చింది. సస్పెండ్ అయిన, రద్దయిన లైసెన్సుల వివరాలను పోర్టల్‌లో ఎప్పటికప్పుడు నమోదు చేయాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2020 అక్టోబరు 1 నుంచి ఉంది. స్క్రీన్‌షాట్ తీసిన రోజు లైసెన్సు ఎలా ఉందో అదే చూపిస్తుంది, ఈరోజు సంగతి దానికి తెలియదు. అయినా ఇప్పటికీ చాలామంది డ్రైవర్లు దాన్నే నమ్ముకుని తిరుగుతున్నారు.

ఎఫ్ఐఆర్‌లో డ్రైవరు మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125(బి) (తీవ్రంగా గాయపరచడం), వాటికి తోడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182(1) పెట్టారు. ఓనరు మీద సెక్షన్ 180, అమల్లో ఉన్న లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చినందుకు.

ఒకే ఆటోలో వచ్చిన ఇద్దరు

ఓనరూ డ్రైవరూ కలిసే నా ఆఫీసుకు వచ్చారు, ఇద్దరికీ నన్నే చూసుకోమన్నారు. కాగితాలు ముందేసుకుని కాసేపు మాట్లాడగానే అది కుదరదని అర్థమైంది. "సస్పెన్షన్ సంగతి నాకు తెలియదు" అనేది ఓనరు డిఫెన్స్. "నేను అన్నకు అప్పుడే చెప్పాను" అనేది డ్రైవరు డిఫెన్స్. ఈ రెండూ ఒకే వకాలత్ కింద ఇమడవు. డ్రైవరును వేరే లాయరును పెట్టుకోమని ఆరోజే చెప్పి పంపాను. ఓనరుకు అది నచ్చలేదు, మనవాడే కదా అన్నారు. ఆ "మనవాడే" తర్వాత ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో వాట్సాప్ స్క్రీన్‌షాట్ జత చేసి మరీ కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు, వేశాడు. అతన్ని తప్పుపట్టను, తన తల తను కాపాడుకున్నాడు. ఇలాంటి కేసుల్లో ఇద్దరి తరఫునా ఒకే లాయరు నిలబడితే మధ్యలో ఒకరిని వదిలేయాల్సి వస్తుంది. వదిలేది ఎప్పుడూ డబ్బు లేనివాడినే.

రసీదు మీద ఏముంది

కేసు మొత్తం ఆ రసీదు చుట్టూ తిరిగింది. డ్రైవరు అబద్ధం చెప్పలేదు, విన్నదే రాశాడు. పోలీసులిచ్చిన రసీదు చూపించి బండి నడుపుకోవచ్చనే నమ్మకం జనంలో పాతది, దానికి చట్టంలో ఆధారం కూడా ఉంది. సెక్షన్ 206(3) ప్రకారం లైసెన్సు తీసుకుని ఇచ్చే తాత్కాలిక రసీదు, లైసెన్సు తిరిగి చేతికి వచ్చేవరకో అందులో రాసిన తేదీ వరకో బండి నడపడానికి అనుమతి ఇస్తుంది. నిందితుడు సమన్లు తప్పించుకుంటాడేమో అన్న అనుమానంతో లైసెన్సు తీసుకున్న సందర్భాల్లాంటి వాటికి అది సరిపోతుంది.

2019లో దాని కిందే సెక్షన్ 206(4) చేర్చారు. అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం లాంటి కొన్ని నేరాల్లో పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని, సెక్షన్ 19 కింద సస్పెన్షన్ లేదా రద్దు చర్య కోసం లైసెన్సింగ్ అథారిటీకి, అంటే ఆర్టీఓ ఆఫీసుకు పంపాలి. ఇక్కడ కూడా రసీదు ఇస్తారు. కానీ లైసెన్సు తిరిగి వచ్చేవరకు ఆ రసీదుతో బండి నడపడానికి వీల్లేదని చట్టమే చెబుతోంది. చూడటానికి రెండూ ఒకేలాంటి కాగితాలు. ఒకటి నడపనిస్తుంది, రెండోది నడపనివ్వదు. ఏ సబ్ సెక్షన్ కింద ఇచ్చారో ఆ ఒక్క లైనే తేడా. మా డ్రైవరు రసీదులో ఆ లైను ఇంగ్లీషులో, సన్నటి అక్షరాల్లో ఉంది. బండి నడపడానికి ఇది అనుమతి కాదని దాని కింద ఇంకో ముక్క కూడా ఉంది.

ఇక్కడ పోలీసుల అధికారం ఎంతవరకో కూడా చెప్పాలి. వాళ్లు లైసెన్సు తీసుకుని పంపగలరు, సస్పెండ్ చేయలేరు. ఒక పోలీసు అధికారి స్వయంగా 90 రోజులు సస్పెండ్ చేసిన కేసులో కలకత్తా హైకోర్టు 2022లో ఇదే చెప్పింది. సస్పెండ్ చేసేది లైసెన్సింగ్ అథారిటీయే, అదీ అవతలి మనిషి చెప్పుకునేది వినే అవకాశం ఇచ్చాక, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి. సెక్షన్ 19(1ఎ) కింద మొదటిసారికి మూడు నెలలు, మళ్లీ దొరికితే లైసెన్సే రద్దు.

అందుకే ఇలాంటి కేసుల్లో ఆర్టీఓ ఫైలు చూడకుండా ముందుకు కదలకూడదు. నోటీసు ఇవ్వకుండా, మనిషిని వినకుండా ఆర్డరు వేసి ఉంటే దాని మీద 30 రోజుల్లో అప్పీలు వేయొచ్చు, ఆర్డరు నిలవకపోతే సెక్షన్ 182 కేసుకు పునాదే కదులుతుంది. డ్రైవరు తరఫు లాయరు కూడా ఇదే ఆశతో ఫైలు నకలు తెప్పించారు. అందులో రిజిస్టర్డ్ పోస్టు అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఉంది. దాని మీద డ్రైవరు తల్లి సంతకం, వంకర అక్షరాల్లో. ఇంట్లో వెతికితే ఫ్రిజ్ మీద పాత కరెంటు బిల్లుల కింద రెండు కవర్లు దొరికాయి, నోటీసు ఒకటి, ఆర్డరు ఒకటి. రెండూ విప్పలేదు. ఇంట్లోవాళ్లు సంతకం పెట్టి తీసుకున్న కవరు తనకు అందలేదని వాదించడం చాలా కష్టం. అప్పీలు గడువు అప్పటికే దాటిపోయింది.

బైకు తప్పుకు గూడ్స్ బండి ఎందుకు ఆగాలి?

డ్రైవరు మొదటి నుంచి పట్టుకు వేలాడిన వాదన ఒకటుంది. తప్పు చేసింది బైకు మీద, అదీ సెలవు రోజు. గూడ్స్ బండి లైసెన్సుకు దానితో ఏం సంబంధం? వినడానికి న్యాయంగానే ఉంది, చట్టం కూడా ఈ తేడాను పూర్తిగా కొట్టిపారేయలేదు. ఫలానా రకం వాహనం నడపడానికి మాత్రమే అనర్హత (మనం సస్పెన్షన్ అనేదానికి చట్టం వాడే మాట) వేసినట్టయితే, ఆ విషయాన్ని లైసెన్సు మీద రాసి లైసెన్సును తిరిగి ఇచ్చేయాలని సెక్షన్ 19లోనే ఉంది. సెక్షన్ 23 కూడా ఆర్డరులో చెప్పినంత మేరకు, చెప్పినంత కాలం లైసెన్సు చెల్లదనే అంటుంది. అంటే ఆర్డరులో ఏం రాశారన్నదే ముఖ్యం. మన ఆర్డరులో ఏ రకం వాహనమో రాయలేదు. "డ్రైవింగ్ లైసెన్సు కలిగి ఉండటానికి" అని మొత్తానికి వేశారు. కాబట్టి బైకూ పోయింది, గూడ్స్ బండీ పోయింది.

బతుకుతెరువు గూడ్స్ బండి మీదే అయినప్పుడు, షోకాజ్ నోటీసుకు జవాబిస్తూ సస్పెన్షన్‌ను ద్విచక్ర వాహనానికే పరిమితం చేయమని అడగొచ్చు. అధికారి ఒప్పుకుంటారన్న హామీ లేదు. కానీ కవరు విప్పి ఉంటే అడిగే అవకాశమైనా ఉండేది. ఆ కవరు అందుకున్న వారంలో ఒక కాగితం రాసి ఇచ్చి ఉంటే ఈ కేసు వేరేగా నడిచేదని నా నమ్మకం.

మధ్యలో ఎవరో ఏజెంటు డ్రైవరుకు ఇంకో సలహా కూడా ఇచ్చాడట, పక్క రాష్ట్రంలో అడ్రసు పెట్టి కొత్త లైసెన్సు తీసుకోమని. అనర్హత నడుస్తుండగా కొత్త లైసెన్సుకు దరఖాస్తు చేయడం కూడా సెక్షన్ 182(1) కింద నేరమే, అలా వచ్చిన లైసెన్సు చెల్లదు. అదృష్టం కొద్దీ ఏజెంటు అడిగినంత డబ్బు అతని దగ్గర లేదు.

క్రిమినల్ కేసు

దీని గురించి తక్కువే చెబుతాను. లైసెన్సు సస్పెన్షన్‌లో ఉన్నంత మాత్రాన డ్రైవింగ్ నిర్లక్ష్యంగా ఉందని రుజువైనట్టు కాదు. 281, 125(బి) కింద కూడలి దగ్గర ఎవరు ఎలా వచ్చారో ప్రాసిక్యూషనే చూపించాలి. లైసెన్సు లేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కిందికి రాదని సుప్రీంకోర్టు 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో చెప్పింది. అందులో లైసెన్సు లేనిది గాయపడినవాడికి, ఇక్కడ గాయపరిచినవాడికి. సూత్రం మాత్రం రెండు వైపులా పనిచేస్తుంది.

సెక్షన్ 182 విషయంలో డ్రైవరు మొదట చాలామంది చేసేదే చేయబోయాడు. తప్పు ఒప్పేసుకుని జరిమానా కట్టి బయటపడదామనుకున్నాడు. విడి కేసైతే అందులో తప్పేమీ లేదు, అరెస్టు భయం కూడా పెద్దగా ఉండదు, బెయిల్ ఇవ్వాల్సిన నేరమే. కానీ గాయపడిన మనిషి నష్టపరిహారం కేసు వేయబోతున్నాడని తెలిసినప్పుడు, మేజిస్ట్రేటు ముందు తప్పు ఒప్పుకున్న కాగితం రేపు ట్రిబ్యునల్‌లో బీమా కంపెనీ చేతిలో సాక్ష్యంగా మారుతుంది. డ్రైవరు తరఫు లాయరుతో ఈ మాట చెప్పాను, ఆయన కూడా ఆగుదామనే అన్నారు.

ఓనరు మీద పెట్టిన సెక్షన్ 180 వేరే కథ. సెక్షన్ 3 ప్రకారం అమల్లో ఉన్న లైసెన్సు ఉంటేనే బండి నడపాలి. సస్పెండ్ అయిన లైసెన్సు ఆ కాలమంతా అమల్లో లేనట్టే. అలాంటి మనిషికి బండి ఇవ్వకూడదని సెక్షన్ 5 ఓనరును కట్టడి చేస్తుంది, ఇస్తే సెక్షన్ 180 కింద మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ. క్రిమినల్ కేసులు రెండూ ఇంకా నడుస్తున్నాయి.

ఇన్సూరెన్స్: అసలు దెబ్బ

గూడ్స్ బండికి ప్యాకేజీ పాలసీ, అంటే బండి సొంత నష్టానికీ బయటివాళ్ల నష్టానికీ కలిపి ఇచ్చే బీమా ఉంది, ప్రీమియం సకాలంలో కట్టారు. బండి ముందు భాగం రిపేరుకు పెట్టిన క్లెయిమ్ మొదటి ఉత్తరంతోనే తిరిగొచ్చింది. పాలసీలో డ్రైవర్స్ క్లాజ్ అని ఒకటుంటుంది, బండి నడిపేవారికి అమల్లో ఉన్న లైసెన్సు ఉండాలి, పైగా లైసెన్సు కలిగి ఉండటానికి అనర్హత ఉండకూడదు. దేశంలో దాదాపు ప్రతి మోటారు పాలసీలో ఉండే వాక్యమే ఇది. సొంత నష్టం మీద దాంతో పోట్లాడి గెలవడం అరుదు. వదిలేయమని ఓనరుకు చెప్పాను, రిపేరు చేతి డబ్బుతో చేయించుకున్నారు.

ఓనరే బండి నడిపి గాయపడితే వచ్చే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఇదే షరతు మీద నిలబడుతుంది. సొంత కారు మీద సస్పెన్షన్‌లో తిరిగేవాళ్లు దీన్ని అసలు లెక్కలోకే తీసుకోరు.

గాయపడిన మనిషి నష్టపరిహారం కోసం సెక్షన్ 166 కింద ట్రిబ్యునల్‌కు వెళ్లారు. డ్రైవరు, ఓనరు, బీమా కంపెనీ ముగ్గురూ ప్రతివాదులు. బీమా కంపెనీ సెక్షన్ 150(2)ను ఆధారం చేసుకుని కౌంటర్ వేసింది. థర్డ్ పార్టీ కేసుల్లో, అంటే బయటి మనిషికి నష్టం జరిగిన కేసుల్లో కూడా బీమా కంపెనీ ఎత్తుకోగలిగిన కొద్ది డిఫెన్సుల్లో అనర్హత ఉన్న వ్యక్తి నడపడం ఒకటి, చట్టంలో ఆ మాట నేరుగానే ఉంది. దానితోపాటు డ్రైవరు లైసెన్సులో ట్రాన్స్‌పోర్ట్ వాహనం నడపొచ్చన్న ఎండార్స్‌మెంటు (నమోదు) లేదన్న పాత వాదన కూడా కలిపారు. ఆ రెండోది నిలబడలేదు. 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి ఎల్‌ఎంవీ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చేసింది. బీమా కంపెనీ లాయరు కూడా దాన్ని అలవాటుగా రాశారే తప్ప వాదించలేదు.

మా వైపు బలమంతా స్వరణ్ సింగ్ తీర్పు. 2004 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఇచ్చినది. లైసెన్సు లేకపోవడం, నకిలీ లైసెన్సు, డ్రైవరుకు అనర్హత ఉండటం, వీటిలో ఏదీ దానంతట అదే బీమా కంపెనీని బయట పడేయదు. ఓనరు తగిన జాగ్రత్త తీసుకోలేదని, ఆయన వైపు నుంచి షరతు ఉల్లంఘన జరిగిందని కంపెనీయే రుజువు చేయాలి. బరువు వాళ్ల మీదే. మా దగ్గర పనిలోకి తీసుకునేటప్పుడు తీసుకున్న జిరాక్స్ ఉంది, ఓనరు డ్రైవింగ్ చూసిన సంగతికి షాపు గుమస్తా సాక్ష్యం ఉంది. కోర్టులకు ఓనర్లు ఎప్పుడూ చెప్పే "చూశానండీ" కంటే ఇది చాలా గట్టిది.

బీమా కంపెనీ ఆర్టీఓ ఆఫీసు నుంచి ఒక జూనియర్ అసిస్టెంటును ఫైలుతో సహా పిలిపించింది. ఆర్డరు తేదీ, అక్నాలెడ్జ్‌మెంటు కార్డు రికార్డులోకి వచ్చాయి. ప్రమాదం రోజు అనర్హత ఉందనడంలో ఇక సందేహం మిగల్లేదు. ఆ సాక్షిని నేను క్రాస్ చేసింది రెండు ప్రశ్నలే. ఆర్డరు నకలు వాహన యజమానికి పంపారా? లేదు. పంపాలని మీ ఆఫీసులో పద్ధతి ఉందా? లేదు. ఇంతకంటే ఆయన దగ్గర నాకు కావాల్సింది ఏమీ లేదు.

తర్వాత ఓనరు బోనెక్కారు. డ్రైవరు జత చేసిన స్క్రీన్‌షాట్‌కు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెటు కూడా ఉంది, కాబట్టి దాని మీద అభ్యంతరం పెట్టే దారి లేదు. అసలు మెసేజే రాలేదందామా అని ఓనరు నన్ను అంతకుముందు అడిగారు. ఆయన ఫోన్లోనే ఆ మెసేజ్ ఉంది, కింద బొటనవేలు ఉంది. కాదంటే మిగతా సాక్ష్యం కూడా పోతుందని చెప్పాను. క్రాస్ ఎగ్జామినేషన్ ఇలా సాగింది, నా నోట్సులోంచి రాస్తున్నాను.

"ఈ ఫోటో మీకు వచ్చిందా?"

"వచ్చింది సార్."

"తెరిచి చూశారా?"

"చూశాను. చదవలేదు."

"చదవకుండా బొటనవేలు ఎందుకు పెట్టారు?"

"సరే అన్నట్టు పెట్టాను సార్. వాడు నడపొచ్చన్నాడు కదా."

"తర్వాత ఎప్పుడైనా లైసెన్సు తిరిగొచ్చిందా అని అడిగారా?"

ఇక్కడ ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పండగ సీజను సార్, డెలివరీలు ఎక్కువ" అన్నారు.

ఆ జవాబును సరిచేయడానికి రీ ఎగ్జామినేషన్‌లో, అంటే క్రాస్ అయ్యాక మన సాక్షిని మనమే మళ్లీ అడిగేటప్పుడు, దారి ఉండదు. ఉన్నా నేను వాడేవాణ్ని కాదు, ఎందుకంటే అది నిజమే.

తీర్పు

వాదనల్లో నేను పెట్టిన గీత ఇదీ. ఓనరుకు తెలిసింది లైసెన్సు తీసుకున్నారన్న సంగతి మాత్రమే, సస్పెండ్ చేశారన్నది కాదు. మెసేజ్ వచ్చిన రోజుకు సస్పెన్షన్ ఆర్డరే పుట్టలేదు. ఆర్డరు నకలు ఆయనకు పంపే ఏర్పాటు లేదు. డ్రైవరు కవర్లు విప్పలేదు కాబట్టి డ్రైవరుకే తెలియని సంగతి ఓనరుకు ఎలా తెలుస్తుంది? బీమా కంపెనీ జవాబు సూటిగా ఉంది. తెలుసా లేదా అనేది ప్రశ్న కాదు, తెలుసుకోవాల్సిన అవసరం ఉందని ఆయనకు అర్థమైందా లేదా అన్నది ప్రశ్న. లైసెన్సు పోలీసుల దగ్గరుందని తెలిశాక, ఆ రసీదు చదివినా, చదివించుకున్నా, పోర్టల్‌లో నంబరు కొట్టి చూసినా సరిపోయేది.

ట్రిబ్యునల్ ఆ జవాబునే ఎక్కువగా ఒప్పుకుంది. పనిలోకి తీసుకునేటప్పుడు తీసుకున్న జాగ్రత్త నిజమేనని, అయితే లైసెన్సు స్వాధీనం సంగతి తెలిసిన తర్వాత ఏ జాగ్రత్తా తీసుకోలేదని రాసింది. గాయపడిన మనిషికి మాత్రం దీంతో సంబంధం లేదు. బీమా కంపెనీ ముందు ఆయనకు డబ్బు చెల్లించాలి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. కోర్టు భాషలో పే అండ్ రికవర్. పరిహారం, వడ్డీ కలిపి ఆరు లక్షలు దాటింది.

తీర్పు చదివాక చాలామంది ఓనర్లు బీమా వాళ్లు కట్టారు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. వసూలు చేసుకోవడానికి కంపెనీ కొత్తగా దావా వేయనక్కర్లేదని సుప్రీంకోర్టు 2004లోనే నంజప్పన్ కేసులో చెప్పింది. అదే ట్రిబ్యునల్‌లో తీర్పు అమలు కోరుతూ ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేస్తే చాలు, సెక్యూరిటీ అడగొచ్చు, బండిని అటాచ్ (జప్తు) చేయించవచ్చు. ఇక్కడ కూడా కంపెనీ డబ్బు డిపాజిట్ చేసిన కొద్ది వారాల్లోనే నోటీసు వచ్చింది. గూడ్స్ బండి అటాచ్‌మెంట్ కిందికి వెళ్లింది, అమ్మడానికి వీల్లేదు, నడుపుకోవచ్చు. షాపుకు అది లేకపోతే గడవదు కాబట్టి ఆ మాత్రం వెసులుబాటు అడిగి తీసుకున్నాం.

అప్పీలు వేయాలా వద్దా అన్నది ఓనరు ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. ఓడిపోతే వడ్డీ పెరుగుతుంది, ఆ మాట దాచకుండా చెప్పాను. సెక్షన్ 173 ప్రకారం అప్పీలుకు 90 రోజుల గడువు, డబ్బు కట్టాల్సినవాళ్లు రూ.25,000 గానీ, ట్రిబ్యునల్ వేసిన పరిహారంలో సగం గానీ, ఏది తక్కువైతే అది డిపాజిట్ చేయాలి. చివరికి వేద్దామన్నారు. హైకోర్టులో మా గ్రౌండ్ ఒకటే. లైసెన్సు స్వాధీనం గురించి తెలియడం వేరు, అనర్హత గురించి తెలియడం వేరు, మొదటి దాన్నుంచి రెండోదాన్ని ఊహించి ఓనరు మీద వేయడం స్వరణ్ సింగ్ తీర్పుకు సరిపోదని. నా అంచనా అడిగితే సగం సగం. ఆ బొటనవేలు లేకపోతే ఇంకొంచెం ధీమాగా చెప్పేవాణ్ని.

డ్రైవరు మూడు నెలలు పూర్తయ్యాక లైసెన్సు కోసం ఆర్టీఓ ఆఫీసుకు వెళ్తే, రిఫ్రెషర్ ట్రైనింగ్ సర్టిఫికెటు తెమ్మన్నారు. సెక్షన్ 19(2ఎ) ప్రకారం గడువు ముగిసినంత మాత్రాన లైసెన్సు తిరిగి ఇవ్వరు, ఆ శిక్షణ పూర్తి చేస్తేనే ఇస్తారు. 91వ రోజు నుంచి నడపొచ్చనుకుని బండి ఎక్కేవాళ్లు ఇక్కడ మళ్లీ ఇరుక్కుంటారు. అతను శిక్షణ పూర్తి చేసి కార్డు తెచ్చుకున్నాడు. ఇప్పుడు వేరే ట్రాన్స్‌పోర్టులో పని చేస్తున్నాడు. హైకోర్టులో అప్పీలు అడ్మిట్ అయింది, రికవరీ మీద షరతులతో స్టే ఉంది.